సంతకం వార్డెన్‌ది, చెయ్యి మన చెల్లెలిది

హైదరాబాద్ సైన్స్ గొప్పలు చెప్పేవాళ్లు ఒక వరస చదువుతారు. 1977లో మొదలైన సీసీఎంబీ, జన్యు పరిశోధన, టీకాల కంపెనీలు, క్యాన్సర్ మీద పోరాటం. చదవండి, కాదనం. సైన్స్ మనకు శత్రువు కాదు. కానీ ఆ వరసలో ఎవరూ చదవని మైలురాయి ఒకటుంది. ఖమ్మం, 2009.

ఆ ఏడాది జూలైలో ఖమ్మం జిల్లా భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా వేయడం మొదలుపెట్టారు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా కాపాడే టీకా అది. మెర్క్ కంపెనీ తయారుచేసిన గార్డాసిల్. వేయించింది పాత్ అనే అమెరికా సంస్థ, ఐసీఎంఆర్, అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం. దాదాపు 14 వేల మంది పిల్లలు. గుజరాత్‌లోని వడోదరలో మరో 10 వేల మందికి వేరే కంపెనీ టీకా.

ఇది ట్రయల్ కాదు, ప్రాజెక్టు మాత్రమే అన్నారు. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం తన 72వ నివేదికలో ఇది క్లినికల్ ట్రయలే అని తేల్చి చెప్పింది. ఆంధ్రలో పరిశీలించిన 9,543 సమ్మతి పత్రాల్లో 1,948 వేలిముద్రలు. 2,763 పత్రాల మీద సంతకం పెట్టింది హాస్టల్ వార్డెన్లు.

ఈ రెండో అంకెను మళ్లీ చదవండి. అమ్మానాన్నలు ఊళ్లో బతికే ఉన్నారు. పోడు చేసుకుంటున్నారు, కూలికి పోతున్నారు. కబురు పెడితే వచ్చేవాళ్లే. అయినా బిడ్డ ఒంట్లోకి సూది దించడానికి అనుమతి ఇచ్చింది వార్డెన్! హాస్టల్లో అన్నం పెట్టే ఉద్యోగికి మన పిల్లల శరీరం మీద హక్కు ఎవరిచ్చారు? నగరంలో ఫీజులు కట్టే కార్పొరేట్ స్కూల్లో ఇలా చేయగలరా? ఒక్క పేరెంట్ ఊరుకుంటాడా?

ఆ రెండు రాష్ట్రాల్లో టీకా వేసుకున్న పిల్లల్లో ఏడుగురు చనిపోయారు. ప్రభుత్వ విచారణ కమిటీ ఆ మరణాలకు టీకాతో సంబంధం ఉండే అవకాశం చాలా తక్కువ అంది. మనం కూడా టీకాయే చంపిందని అనొద్దు. ఆధారం లేని మాట మన పోరాటాన్నే బలహీనం చేస్తుంది. మన ప్రశ్న వేరు. టీకా తర్వాత పిల్లలకు ఏమవుతుందో కనిపెట్టుకునే సరైన ఏర్పాటు లేదని పార్లమెంటరీ సంఘమే తప్పుపట్టింది. చూసే దిక్కు లేనప్పుడు సూది ఎందుకు వేసినట్టు?

"టీకా మంచిదే కదా, ఎందుకీ గొడవ?" అంటారు కొందరు. అవును, మంచిదే. 2022లో మన దేశంలోనే సెర్వావాక్ పేరుతో అలాంటి టీకాకు అనుమతి వచ్చింది. తెలుసుకుని, అడిగి, మన అక్కచెల్లెళ్లు వేయించుకోవాలి. కానీ మంచి మందును కూడా చెప్పకుండా వేస్తే ఊరు ఆ మందునే అనుమానిస్తుంది. ఆ అనుమానాన్ని పుట్టించిన వాళ్లే రేపు వచ్చి "ఆదివాసీలకు అవగాహన లేదు" అంటారు.

అదే 2009 సెప్టెంబరులో సీసీఎంబీ శాస్త్రవేత్తలు అమెరికా శాస్త్రవేత్తలతో కలిసి నేచర్ పత్రికలో భారత జనాభా చరిత్ర రాశారు. గొప్ప పరిశోధన. అందులో నల్లమల చెంచుల డీఎన్ఏ కూడా ఉంది. ఆ పని తప్పని నేననడం లేదు. అడుగుతున్నది ఒక్కటే. మన రక్తం చెప్పిన చరిత్రను మన పెంటకు వచ్చి, మన మాటల్లో చెప్పిందెవరు?

సికిల్‌సెల్ సంగతి చూడండి. నీలగిరి ఆదివాసీల్లో ఆ జబ్బు లక్షణాన్ని కనిపెట్టింది 1952లో. దాన్ని నిర్మూలించడానికి జాతీయ మిషన్ మొదలైంది 2023 జూలైలో. మధ్యలో 71 ఏళ్లు! మన రక్తం పరిశోధనకు వెంటనే పనికొచ్చింది, మన ప్రాణం మాత్రం మూడు తరాలు ఆగాల్సొచ్చింది.

దీన్ని మార్చలేమా? మార్చినవాళ్లున్నారు. అమెరికాలో హవాసుపాయి ఆదివాసీల దగ్గర షుగర్ జబ్బు పరిశోధన అని రక్తం తీసుకుని, వాళ్లకు చెప్పకుండా వేరే పరిశోధనలకు వాడారు. వాళ్లు కోర్టుకెక్కారు. 2010 ఏప్రిల్‌లో అరిజోనా స్టేట్ యూనివర్సిటీ 7 లక్షల డాలర్లు చెల్లించి, రక్తం నమూనాలను తిరిగిచ్చేసింది. సరిగ్గా అదే నెలలో ఇక్కడ ఖమ్మం ప్రాజెక్టును ఆపేశారు. వాళ్లకు వాళ్ల రక్తం తిరిగొచ్చింది. మనకు ఏమొచ్చింది? 2017లో దక్షిణాఫ్రికా శాన్ ప్రజలు తమ దగ్గరికొచ్చే పరిశోధకులకు తామే నియమావళి రాసిచ్చారు.

మనమూ రాద్దాం. ఏజెన్సీలో ఏ వైద్య పరిశోధనైనా ముందు గ్రామసభకు రావాలి. కోయ, గోండి, కువి, సవర... ఏ ఊరి భాష అయితే ఆ భాషలో చెప్పాలి. పిల్లల విషయంలో సంతకం తల్లిదండ్రులదే, వార్డెన్‌ది చెల్లదు. నమూనా ఎక్కడ ఉంటుందో, దేనికి వాడతారో రాసివ్వాలి. ఫలితం ఊరికి తిరిగి రావాలి, దాంతోపాటు మందూ రావాలి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీలో నర్సింగ్, ఫార్మసీ, లైఫ్ సైన్సెస్ చదువుతున్నవాళ్లు చాలామంది. రేపు ఆ సమ్మతి పత్రం పట్టుకుని ఊళ్లోకి వచ్చేది మీరే కావచ్చు. ఆ రోజు ముందు అడగండి, అర్థమయ్యేదాకా చెప్పండి, వద్దంటే వెనక్కి వెళ్లండి.

భూమికి గ్రామసభ అనుమతి కావాలని కొట్లాడుతున్నాం. ఒంటికి అంతకంటే తక్కువెట్లా అవుతుంది?