తెగేదాకా ఆగొద్దు!

'మోకు జారి గీత కార్మికుడికి తీవ్ర గాయాలు'... జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు జిల్లా పేజీ తిరగేసేవారికి ఈ శీర్షిక కొత్తేమీ కాదు. మనిషి పేరు మారుతుంది, ఊరు మారుతుంది. చెట్టూ మోకూ మాత్రం అవే. అంతెత్తు తాటిచెట్టు మీద గౌడన్న ప్రాణం ఆనుకుని ఉండేది దాని మీదే. మరి ప్రాణం నిలిపే ఆ పట్టీని పక్కన పెట్టాల్సిన రోజు ఎప్పుడొస్తుంది? వచ్చిందని తెలిసేదెలా?

చేతికి తెలిసిన భాష

నడుముకు ముస్తాదు, చెట్టు చుట్టూ మోకు, పాదాలకు గుజి... తరతరాలుగా కల్లుగీతకు ఇవే ఆధారం. తండ్రి వెంట తాటివనానికి వెళ్లిన కొడుకు చెట్టెక్కడంతోపాటు మోకును తడిమి చూసుకోవడమూ నేర్చుకుంటాడు. పురి సడలిందా, ఒరుసుకునే చోట సన్నబడిందా, ఎండకు బిరుసెక్కిందా... చేయి వేస్తే చాలు, తెలిసిపోతుంది. పాత మోకు తన వయసును తానే చెబుతుంది.

ఇప్పుడు కొత్త సరంజామా వచ్చింది. గీత కార్మికులు చెట్టు మీంచి పడిపోకుండా రూపొందించిన 'కాటమయ్య రక్షణ కవచం' కిట్లను 2024 జులైలో రంగారెడ్డి జిల్లా లష్కర్‌గూడలో ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి ప్రారంభించారు. గౌడల కులదైవం పేరు పెట్టుకున్న ఈ కిట్లలో పర్వతారోహకులు వాడే తరహా నడుం పట్టీలు, తాళ్లు, కొక్కేలు ఉంటాయి. పట్టు తప్పినా మనిషి నేల మీద పడడు. నిజంగా మంచిదే! కానీ ఒక చిక్కుంది. ఈ పట్టీ పాత మోకులా మాట్లాడదు. పైకి నిగనిగలాడుతూనే లోలోపల బలం కోల్పోతుంది.

రేసు కారులో ఐదేళ్లే

ఈ సంగతి బాగా తెలిసినవాళ్లు కార్ల రేసుల వాళ్లు. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్ హుస్సేన్‌సాగర్ ఒడ్డున జరిగిన ఫార్ములా-ఈ రేసు చాలామందికి గుర్తుండే ఉంటుంది. అలాంటి కార్లలో డ్రైవర్ భుజాలు, నడుము, తొడల మీదుగా పట్టీలు బిగించి సీటుకు కట్టేస్తారు. అంతర్జాతీయ మోటారు క్రీడల సమాఖ్య (ఎఫ్ఐఏ) గుర్తింపు ఉన్న పట్టీ మీద 'ఫలానా ఏడాది తర్వాత చెల్లదు' అని ముద్రించి ఉంటుంది. తయారైన ఏడాది దాటాక గరిష్ఠంగా ఐదేళ్లే దాని ఆయుష్షు. అమెరికాలోని ఎస్ఎఫ్ఐ అనే సంస్థ ప్రమాణాల ప్రకారమైతే రెండేళ్లే! ఈలోగా పెద్ద ప్రమాదం జరిగితే గడువుతో పనిలేదు. పట్టీ చెక్కుచెదరనట్టే కనిపించినా తీసి పారేస్తారు.

ఎందుకంటే, గట్టి కుదుపు వచ్చినప్పుడు పట్టీ కాస్త సాగుతుంది. ఆ సాగడంలోనే దెబ్బ తీవ్రతను తాను మింగి మనిషిని కాపాడుతుంది. అలా ఒకసారి సాగిన పోగు మళ్లీ పూర్తిగా మునుపటిలా అవదు. రెండోసారి అంత దెబ్బను కాచుకోలేదు.

మరమగ్గాల ఊరికి తెలిసిందే

సిరిసిల్ల వాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. అక్కడి మరమగ్గాల మీద నేసే పాలిస్టర్ పోగుదీ, ఈ పట్టీలదీ ఒకటే జాతి. కొన్నిటిని నైలాన్‌తోనూ నేస్తారు. రెంటికీ ఎండ పడదు. కిటికీకి వేలాడే పాత కర్టెన్ చూడ్డానికి బాగానే ఉంటుంది. ఉతికి పిండబోతే పర్రున చిరుగుతుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలు చేసే పని అది. ఏళ్ల తరబడి చెట్టు మీదా ఎండలోనే ఉండే పట్టీకీ అదే గతి.

ఇవి కనిపిస్తే మార్చాల్సిందే

• పట్టీని రెండు చేతులతో పట్టుకుని విల్లులా వంచాలి. పైకి తేలిన వంపు దగ్గర పోగులు తెగి నూగులా లేస్తున్నా, అంచున చిన్న కోత ఉన్నా దాని పని అయిపోయినట్టే.

• కుట్లను ఒక్కొక్కటిగా చూడాలి. వాటిని చాలావరకు వేరే రంగు దారంతో వేస్తారు. కుట్టు ఊడితే ఇట్టే కనిపించాలనే!

• రంగు బాగా వెలిసినా, కొంతమేర గట్టిపడినా, ఒరిపిడి వేడికి కరిగినట్టు మెరుస్తున్నా నమ్మొద్దు.

• కొక్కెం తుప్పు పట్టినా, వంగినా, నొక్కి వదిలితే దానంతటది మూసుకోకపోయినా వాడొద్దు.

• ఒక్కసారి మనిషి జారి పడబోతే ఆపిందా? దండం పెట్టి పక్కన పెట్టేయాలి. రెండోసారి నమ్మకూడదు.

• తయారీ తేదీ ఉన్న చీటీ చెరిగిపోతే వయసు లెక్క తెలియదు. ఎత్తులో వాడే పట్టీలకు, తాళ్లకు చాలా కంపెనీలు పదేళ్లకు మించి ఆయుష్షు ఇవ్వవు, అదీ వాడకుండా దాచినా సరే. రోజూ వాడితే ఇంకా ముందే పోవచ్చు. చీటీ మీది గడువే ప్రమాణం.

మురికి పడితే మామూలు సబ్బునీళ్లతో కడిగి నీడన ఆరేయాలి. పాలిస్టర్‌కు సున్నం లాంటి క్షారం, నైలాన్‌కు బ్యాటరీ యాసిడ్ శత్రువులు. పురుగుమందుల డబ్బాల పక్కనా పడేయొద్దు. ఇక పనికిరాదనుకున్న పట్టీని అటక మీద పెట్టకుండా ముక్కలుగా కోసేయాలి. లేదంటే ఏదో ఒకరోజు 'బాగానే ఉంది కదా' అంటూ ఇంట్లో కుర్రాడు దాన్నే నడుముకు కట్టుకుంటాడు.

కారున్న ఇళ్లకూ ఇదే మాట. పెద్ద ప్రమాదం జరిగాక డెంటు తీయించి రంగు వేయించడంతో సరిపెట్టొద్దు. ఆ కుదుపును కాచిన సీటు బెల్టులనూ మార్పించాలి.

బావి చేద తాడు తెగితే బొక్కెన పోతుంది. కొత్త తాడు కొనుక్కోవచ్చు. అందుకే 'తెగేదాకా వాడదాం' అన్న పొదుపు అక్కడ చెల్లుతుంది. నడుముకు కట్టుకునే పట్టీ దగ్గర మాత్రం తెగే రోజూ పడే రోజూ ఒకటే. తెగేదాకా లాగొద్దంటారు పెద్దలు. ఇక్కడైతే తెగేదాకా ఆగొద్దు!