నిదానపు సెగ మీద మాంసం, బంగాళాదుంప – ఏ నీళ్ళతో వండుతున్నారు?

హనుమంతునిపాడు నుంచి ఒక తల్లి ఉత్తరం రాశారు. అమెరికాలో ఉంటున్న కూతురు సెలవులకు వస్తూ ‘స్లో కుక్కర్’ తెచ్చిందట. అక్కడ పొద్దున్నే గొడ్డు మాంసం, బంగాళాదుంపలు అందులో పడేసి ఆఫీసుకు పోతారట. సాయంత్రం వచ్చేసరికి రాత్రి భోజనం సిద్ధం! “మా ఇంట్లో ఆ మాంసం తినం. పొట్టేలు మాంసంతో అట్లా వండుకోవచ్చా? మా వారికి మోకాళ్ళ నొప్పులు, నడుం పట్టేయడం ఉన్నాయి. మనవడికి తొమ్మిదేళ్ళు, పళ్ళ మీద పసుపు చారలు. గంటల తరబడి ఉడికిన కూర వాళ్ళకు బలమా, చేటా?” అని అడిగారు.

భేషుగ్గా వండుకోవచ్చు తల్లీ. అయితే మీ ఉత్తరంలో మీరు అడగని ప్రశ్న ఒకటి దాగుంది. దాని దగ్గరికి వస్తాను. ముందు కుక్కరు సంగతి చూద్దాం.

ఈ పరికరం వెనక ఉన్నది పాత అలవాటే. షికాగోలో ఇర్వింగ్ నాక్సన్ అనే ఇంజనీరు దీనికి 1940లో పేటెంటు పొందాడు. వాళ్ళ అమ్మ లిథువేనియా ఊళ్ళో సాయంత్రం పూట రొట్టెల బట్టీలో కుండ పెట్టి, మర్నాడు తీసుకునేవారని చెప్పగా విని దాన్ని తయారుచేశాడంటారు. 1971 నుంచి ‘క్రాక్ పాట్’ పేరుతో అమెరికా ఇళ్ళన్నింటికీ పాకింది. మన అమ్మమ్మలు దాలిలో పిడకల సెగ మీద పాలు కాచింది ఇదే పద్ధతిలో కాదూ?

ఒక హెచ్చరిక. అమెరికా కుక్కరు అక్కడి 120 వోల్టుల కరెంటుకు చేసింది. మన 230 వోల్టుల ప్లగ్గులో నేరుగా పెడితే సుమారు నాలుగు రెట్ల వేడి పుట్టి, కుక్కరు మాడిపోతుంది. దాని వాట్లకు సరిపడా ట్రాన్స్‌ఫార్మరు ఉంటే తప్ప దాన్ని అటక మీద పెట్టి, అడుగు మందంగా ఉన్న గిన్నెను, బిగుతైన మూతను నమ్ముకోండి. కూరలో తేడా ఏమీ రాదు.

మాంసం విషయానికి వస్తే, ఎక్కువగా కదిలే భాగాలు – మెడ, భుజం, కాలి పిక్క – ముదురుగా ఉంటాయి. వాటిలో కండను పట్టి ఉంచే ‘కొల్లాజన్’ అనే మాంసకృత్తి ఎక్కువ. అది గంటల తరబడి సన్నని సెగ తగిలితేనే కరిగి, జెలటిన్‌గా మారి, పులుసుకు జిగినిస్తుంది. పెద్ద మంట పెడితే కండలోని నీరు పోయి ముక్క పీచులా అవుతుంది. అందుకే ముదురు పొట్టేలుకైనా, పెద్దకూర తినే ఇళ్ళలో ఆ మాంసానికైనా నిదానమే మందు. ఏ మాంసం తినాలన్నది ఎవరింటి ఆచారం వారిది. మన రాష్ట్రంలో గోవధను 1977 నాటి చట్టం నిషేధించిందని మాత్రం తెలిసి ఉండాలి. నెల్లూరు జాతి గొర్రెలు పెరిగే సీమలో ఉన్నారు, మీకు పొట్టేలు మాంసానికి కొరత లేదు.

ఆరుగురికి ముప్పావు కిలో మాంసం, అరకిలో బంగాళాదుంపలు (మీ వైపు ఉర్లగడ్డలంటారు కదూ!), పావుకిలో ఉల్లిపాయలు, రెండు టమాటాలు, ఒక తెల్లగడ్డ, అంగుళం అల్లం ముక్క, చెంచాడు మిరప్పొడి, రెండు చెంచాల ధనియాల పొడి, చిటికెడు పసుపు, మూడు చెంచాల నూనె చాలు. నూనెలో ఉల్లిపాయ ఎర్రగా వేగాక, నూరిన అల్లం, తెల్లగడ్డ వేసి, మాంసం వేసి పది నిమిషాలు పెద్ద మంట మీద తిప్పండి. మాంసంలోని నీరే ఊరుతుంది. పొడులు వేసి ఒకటిన్నర గ్లాసు, అంటే సుమారు మూడు వందల మిల్లీ లీటర్లు, మరిగే నీళ్ళు పోసి, ఒక్క పొంగు రానిచ్చి, మంట బాగా తగ్గించి, మూత మీద బరువు పెట్టండి. లేత మాంసానికి గంటన్నర, ముదురుదానికి రెండు, రెండున్నర గంటలు. బంగాళాదుంపలు పెద్ద ముక్కలుగా కోసి చివరి అరగంటలో వేయాలి. టమాటా దుంప మెత్తబడ్డాకే. పులుపు ముందు పడితే దుంప ఎంతసేపైనా గట్టిగానే ఉంటుంది. మా ఇంట్లో ఈ సంగతి ఆలస్యంగా తెలిసింది, దుంపలమ్మేవాణ్ణి చాలాకాలం తిట్టుకున్నాం!

విద్యుత్ స్లో కుక్కరు అయితే క్రమం తిరగబడుతుంది. అందులో మాంసం కంటే దుంపే ఆలస్యంగా ఉడుకుతుంది. కాబట్టి దుంపలు మొదటే అడుగున పరచాలి. తక్కువ వేడి మీద ఎనిమిది గంటలు, ఎక్కువ వేడి మీద నాలుగైదు గంటలు. ఊరికే మూత తీసి చూడకండి. తీసినప్పుడల్లా వేడి పోతుంది. ఫ్రిజ్‌లో గడ్డకట్టిన మాంసం నేరుగా వేయకండి. కరెంటు పోయే ఊరిలో మరీ జాగ్రత్త. సగం ఉడికిన మాంసం గోరువెచ్చగా రెండు గంటలు కూర్చుందంటే, సూక్ష్మజీవులకు పండగే. అప్పుడు స్టవ్ మీదకు మార్చి వెంటనే మరిగించాలి. ఎంతసేపు పోయిందో తెలియకపోతే పారబోయడమే మంచిది.

ఇప్పుడు మీరు అడగని ప్రశ్న. ఆ కూరలో పోసింది ఏ నీళ్ళు?

మీ కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాలు 1970లో కొత్త జిల్లా ఏర్పడేదాకా నెల్లూరు జిల్లాలో ఉండేవి. తాగునీటిలోని ఫ్లోరైడు వల్ల ఎముకలు బిగుసుకుపోయే జబ్బును మన దేశంలో వైద్యులు తొలిసారి వివరంగా నమోదు చేసింది ఆ ప్రాంతపు రోగులలోనే. 1937లో షార్ట్, మెక్‌రాబర్ట్ మొదలైన వైద్యులు మద్రాసు రాజధానిలోని ఈ జబ్బు గురించి వ్యాసం ప్రచురించారు. దాదాపు తొంభై ఏళ్ళ కిందటి మాట. మీ వారి నడుం పట్టేయడం, మనవడి పళ్ళ చారలు చదవగానే నాకు ముందు గుర్తొచ్చింది అదే. నొప్పులన్నీ దానివే అనను. వయసు వల్ల వచ్చే కీళ్ళ అరుగుదల ఉంది, ఇతర కారణాలున్నాయి. డాక్టరుకు చూపించి ఎక్స్‌రే తీయిస్తే తేలుతుంది.

ఇప్పుడు చాలా ఇళ్ళలో తాగడానికి ప్లాంటు నుంచి క్యాను నీళ్ళు తెచ్చుకుంటున్నారు. మంచిదే. కానీ వంటకు? బియ్యం ఎసరుకు, పప్పుకు, కూరకు, టీకి బోరు నీళ్ళే! క్యాను డబ్బు పెట్టి కొన్నది, వంటకెందుకు దండగ అని. “మరిగిస్తున్నాం కదా డాక్టరు గారూ!” అంటారు. మరిగిస్తే చచ్చేది సూక్ష్మజీవులు. ఫ్లోరైడు ప్రాణి కాదు, ఉప్పులాంటి లవణం. అది ఆవిరిలో పోదు. నీరు పోతుంది, అది గిన్నెలో మిగులుతుంది.

ఉదాహరణకు మీ బోరు నీటిలో లీటరుకు నాలుగు మిల్లీగ్రాముల ఫ్లోరైడు ఉందనుకుందాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన హద్దు ఒకటిన్నర మిల్లీగ్రాములు. మూత లేని గిన్నెలో లీటరు నీళ్ళు పోసి, ఇగిరినప్పుడల్లా మరో లీటరు చొప్పున రెండుసార్లు పోశారు. మూడు లీటర్లలోని పన్నెండు మిల్లీగ్రాములూ చివర మిగిలిన లీటరు పులుసులో చేరాయి. అంటే హద్దుకు ఎనిమిది రెట్లు! ఆరుగురు పంచుకుంటే తలా రెండు మిల్లీగ్రాములు, ఒక్క కూర నుంచే. అదే నేను చెప్పినట్టు మూత బిగించి మూడు వందల మిల్లీ లీటర్లతో వండితే మొత్తం ఒకటి పాయింటు రెండు. తలా పాయింటు రెండు. క్యాను నీళ్ళతో వండితే ఇంకా చాలా తక్కువ. ఆ ఒకటిన్నర గ్లాసుకయ్యే ఖర్చు లెక్క వేయడానికి కూడా రాదు.

కూర అయినా ఎప్పుడో ఒకసారి తింటాం. అన్నం రోజూ తింటాం. కిలో బియ్యానికి రెండు లీటర్ల ఎసరు ఇగిరేటట్టు వండితే ఆ రెండు లీటర్లలోని ఫ్లోరైడూ అన్నంతోపాటే కంచంలోకి వస్తుంది. కాబట్టి ముందు ఎసరుకు, పప్పుకు, పాలు కలిపే పిల్లల ఆహారానికి క్యాను నీళ్ళు పెట్టండి. డబ్బు చాలకపోతే కడగడానికి, స్నానానికి బోరు నీళ్ళు వాడండి, వాటితో భయం లేదు. ఇంటి పైకప్పు మీద పడ్డ వాన నీళ్ళను, మొదటి వానవి వదిలేసి, శుభ్రంగా పట్టి మూసి ఉంచుకుంటే, కాచి వాడుకోవచ్చు. బోరులో ఎంత ఉందో ఊహించకండి. గ్రామీణ నీటి సరఫరా విభాగం ప్రయోగశాలలో పరీక్ష చేస్తారు. నమూనాను గాజు సీసాలో కాక ప్లాస్టిక్ సీసాలో ఇవ్వండి. ఇంట్లో ఉండే కొవ్వొత్తి ఫిల్టరు, బ్లీచింగు పొడి ఫ్లోరైడును తీయలేవు. పటిక, సున్నంతో తీసే ‘నల్గొండ పద్ధతి’ ఒకటుంది. నాగపూరులోని నీరీ సంస్థవారు రూపొందించారు. దానికి నీటి పరీక్షను బట్టి పాళ్ళు కట్టాలి, ఇంట్లో కళ్ళతో చూసి పటిక వేయడం వద్దు.

మనవడి సంగతి. వచ్చిన చారలు ఆహారంతో పోవు. పలుచటి మచ్చలైతే దంత వైద్యులు కనపడకుండా చేయగలరు. అయితే ఒంట్లో ఎదుగుతున్న ఎముక ఇంకా ఉంది, దాన్ని కాపాడుకోవచ్చు. రోజూ పాలు, మజ్జిగ, రాగి సంగటి, ఆకుకూరలు, ఉసిరి, జామ, నిమ్మ ఇవ్వండి. క్యాల్షియం, విటమిన్ సి చాలినంత ఉన్న పిల్లలకు ఈ జబ్బు కొంత తక్కువగా హాని చేస్తుంది. ప్లాంటు నీటిలో ఫ్లోరైడుతోపాటు క్యాల్షియమూ పోతుంది, కనుక మజ్జిగ మానకూడదు. ఎముకల సూపు ఎముకలను బాగు చేస్తుందని తాతగారికి గంటల తరబడి కాచి పోస్తున్నారేమో. ఫ్లోరైడు నీళ్ళు తాగిన జీవాల ఎముకల్లోనూ అది పేరుకుంటుంది. పైగా బోరు నీళ్ళతో కాస్తే నేను పైన వేసిన లెక్కే. బిగుసుకుపోయిన ఎముకను సూపు వదిలించలేదు, మందు కూడా వదిలించలేదు. ఇక మీదట చేరకుండా చూడడమే మన చేతిలో ఉంది.

మాంసం బలమే. అందులోని ఇనుము పాలకూరలోని ఇనుము కంటే తేలికగా ఒంటికి పడుతుంది, రక్తహీనత ఉన్న ఆడవాళ్ళకు మంచిది. తినేటప్పుడు నిమ్మకాయ పిండుకోండి. తిన్న వెంటనే టీ తాగితే ఇనుము పట్టదు. టీ ఆకులోనే ఫ్లోరైడు ఉంటుంది, అదీ బోరు నీళ్ళతో కాచారంటే చెప్పనక్కర్లేదు. ఎర్ర మాంసం వారానికి తలా మూడు వందల యాభై నుంచి ఐదు వందల గ్రాములు, ఉడికాక తూచి, దాటకుండా ఉంటే చాలు. బంగాళాదుంప కూరగాయ అనుకోకండి, అన్నం బంధువు. మీ వారికి చక్కెర ఉంటే దుంప వేసుకున్న రోజున అన్నం తగ్గించి, జొన్న రొట్టె ఒకటి పెట్టండి. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు దుంప ఎంత తినవచ్చో డాక్టరును అడగాలి. పచ్చబడ్డ, మొలకలొచ్చిన దుంపలు పారేయండి. వాటిలోని విషం ఉడికితే పోదు. ఉప్పు చివర వేయండి. ఇగిరిన పులుసుకు తక్కువే పడుతుంది.

మిగిలిన కూర పొయ్యి మీదే రాత్రంతా ఉంచడం మన ఇళ్ళ అలవాటు. మరిగినా చావని బీజాలు కొన్ని, కూర మెల్లగా చల్లారుతున్నప్పుడు పెరుగుతాయి. రెండు గంటలలోపు వెడల్పు గిన్నెలోకి మార్చి ఫ్రిజ్‌లో పెట్టండి. పైన తెల్లగా పేరిన కొవ్వు మర్నాడు చెంచాతో తీసేసి, కుతకుత మరిగించి తినండి. ఫ్రిజ్ లేకపోతే ఆ పూటకు సరిపడానే వండండి.

మీ వారి ఎక్స్‌రే, బోరు నీటి పరీక్ష కాగితం వచ్చాక మళ్ళీ రాయండి. అంకెలు చూసి, నీళ్ళ విషయంలో ఏం చేయాలో వివరంగా చెబుతాను.