చెట్టు దిగే వయసు

మన దగ్గర పని మానే వయసు అంటే 58 అనో 60 అనో అందరికీ తెలుసు. మిల్లుల పని చేసినోళ్లకు ఆ లెక్క ఆఫీసువాళ్లే చెప్పేవారు. పుట్టిన తారీకు రిజిస్టర్ల ఉండేది. ఆ రోజు రాంగనే మెడల దండ వేసి, చేతిల కొబ్బరికాయ పెట్టి గేటు దాకా సాగనంపేవారు. ఇంకా నాలుగేండ్లు చేసే సత్తువ ఉన్నా సరే, పోవాల్సిందే. మిల్లులు మూతబడ్డంక చాలామందికి ఆ దండ కూడా దక్కలేదు. అది వేరే ముచ్చట.

ఈ నెల రాసేది, "ఇంక చాలు, ఇంటికి పో" అని చెప్పేటోడే లేని పని గురించి. తాడిచెట్టు ఎక్కే పని.

సోలాపూర్ల మన గల్లీలల్ల చెట్టెక్కే ముచ్చట ఎందుకు అనుకోవద్దు. మన తాతలు, తండ్రులు కరీంనగర్, నల్గొండ, పాలమూరు దిక్కు నుంచి మగ్గం పని, మిల్లు పని కోసం వచ్చినోళ్లు. మన ఊర్లల్ల గౌడోళ్ల ఇండ్లు మన పక్క ఇండ్లే. వాళ్ల పిల్లలు కూడా కొందరు మనతోనే వచ్చి సాంచాల మీద పడ్డరు. అట్లాంటి పిల్లగాడు ఒకడు మా గల్లీల ఉంటడు, టవల్ల కారఖానల పని. నేను ఊర్ల పెండ్లికి పోతున్న అని తెలిసి వచ్చిండు. "పెద్దనాయనా, మా నాయనకు 63 ఏండ్లు. చెట్టు దిగు అని ఎన్నిసార్లు ఫోన్ల చెప్పినా దిగడు. నీ మాటన్నా వింటడేమో చూడు" అన్నడు.

వాళ్ల నాయన నాకు బావ వరుస. చిన్నప్పుడు ఒకే బడిల కూర్చున్నోళ్లం. పెండ్లి అయినంక రెండు రోజులు అక్కడే ఉండి ఆయనతోని తిరిగిన. పేరు రాయకుంటే రాసుకో అన్నడు, అందుకే రాస్తున్న.

ముందు ఆ పని ఎట్లుంటదో చెప్తా. మన పిల్లలకు చాలామందికి తెల్వదు. చీకటి ఉండంగనే లేస్తడు. నడుముకు ముస్తాదు కట్టి, దాంట్ల కత్తులు పెట్టుకొని, మోకు భుజాన వేసుకొని పోతడు. మోకు అంటే నడుముకూ చెట్టుకూ కలిపి వేసే తాడు. కాళ్లకు గుజి. మోకును పైకి జరుపుకుంట, కాళ్లతో తన్నుకుంట 50, 60 అడుగులు ఎక్కాలె. పైన గెలను పలుచగ గీయాలె, లొట్టిల నిండిన కల్లు వంపుకోవాలె, మళ్ల లొట్టి కట్టి దిగాలె. అట్లా ఒక్కో చెట్టు. సాయంత్రం మళ్ల అదే చెట్లు.

ఇక్కడ మనం తెలుసుకోవాల్సింది ఒకటి ఉంది. సాంచా అయితే బటన్ నొక్కితే ఆగుతది, రేపు నొక్కితే మళ్ల నడుస్తది. చెట్టు అట్లా కాదు. నాలుగు రోజులు గీయకపోతే గెల ఎండిపోయి కల్లు బంద్ అయితది. మిల్లుల మనకు ఆదివారం సుట్టి ఉండె, సిక్కు లీవు ఉండె, మనం రాకపోతే బదిలీవాడు వచ్చేవాడు. జ్వరం వచ్చినా గౌడన్న చెట్టుకాడికి పోతడు అంటే మొండితనం కాదు, పని తీరే అట్లుంటది.

మా బావ ఇప్పుడు 14 చెట్లు గీస్తడు. వయసుల ఉన్నప్పుడు ముప్పై దాకా గీసేది. మోకాళ్లు నొస్తయి. ఎడమ భుజం పైకి లేవదు, దాన్ని కుడిచేత్తోని లేపి మోకు మీద పెడ్తడు. నేను చూసిన. కాని నన్ను భయపెట్టింది అది కాదు. రెండోనాడు చెట్ల కింద కూర్చున్నప్పుడు చెప్పిండు. బీపీ గోలీ పొద్దున వేసుకుంటే పైన కండ్లు తిరిగినట్లు అయితదట. అందుకని చెట్టెక్కే రోజు గోలీ వేసుకోడు. ఎక్కని రోజు లేదు. అంటే ఆరు నెలల నుంచి గోలీ లేదు. ఇంట్ల అక్కకు తెల్వదు. ఆమె లెక్కపెట్టి డబ్బాల పెడ్తది, ఈయన జేబుల వేసుకొని పోతడు.

"గోలీ వేసుకుంటే పడ్తా, వేసుకోకుంటే ఎప్పుడో ఏదో అయితది. పడుడు ఇయ్యాల్నే అయితది కద బావా" అన్నడు.

పడుడు అంటే ఏందో చెట్టెక్కే ఇంటోళ్లందరికీ తెలుసు. వానకు బెరడు జారుతది. మోకు అరిగి తెగుతది. పైన తేనెటీగలు లేస్తయి. కొన్నిసార్లు కాలు జారినా మోకు పట్టుకొని మనిషి తలకిందులుగ వేలాడ్తడు, కింద నుంచి జనం, ఫైరింజనోళ్లు వచ్చి దింపేదాకా అట్లనే. చిన్న వయసోడైతే తిరిగి మోకు అందుకుంటడు. 60 దాటినోడు అందుకోలేడు.

మరి ఎందుకు దిగడు? కొడుకు అనుకున్నట్లు మాట విననితనం కాదు. నేను కూర్చొని లెక్క అడిగిన. పింఛను వస్తది. తెలంగాణల గీత పనోళ్లకు 50 ఏండ్లు నిండితే ఇస్తరు, నెలకు 2,016 రూపాయలు. సొసైటీల మెంబరు అయి ఉండాలె. మనసొంటి వాళ్లు మిల్లుల 20 ఏండ్లు చేసినా, పీఎఫ్ పింఛను 2014 నుంచి తక్కువల తక్కువ 1,000 అని పెట్టిండ్రు, చాలామందికి దానికి అటో ఇటో వస్తది. ఆ లెక్కన బావది మేలే. కాని ఇద్దరి మందులు, కరెంటు, పెండ్లిళ్లకు పెట్టుపోతలు, బిడ్డ వస్తే చీర. 2,016ల ఇవన్నీ కావు. కొడుకు పంపుతడు, ఒక నెల రెండు వేలు, ఒక నెల వెయ్యి, కారఖాన బంద్ ఉంటే ఏమీ లేదు. కల్లు పైసలు మాత్రం ఏ రోజువి ఆ రోజు చేతిల పడ్తయి.

రెండో సంగతి, చెట్లు. ఒక తాడి చెట్టు గెల వేయాలంటే పన్నెండు పదిహేనేండ్లు పడ్తది. తాను ఎక్కే చెట్లను చిన్నప్పటి నుంచి చూసినోడు ఆయన. దిగితే వాటిని ఎవరు గీస్తరు, సొసైటీల పేరు ఏమైతది అన్నది ఆయన భయం. కొడుకు సోలాపూర్ల, ఇంకొకడు హైదరాబాద్ల. ఎక్కెటోడు లేడు.

మిల్లుల ఒక పద్ధతి ఉండె, గుర్తుందా? చూపు మందగించి పోగు అతకలేని పెద్దమనుషులను ముకద్దం మడత ఖాతాకు, ఊడ్చే పనికి మార్చేవాడు. పగారం కొంచెం తగ్గేది, కాని పని పోయేది కాదు. చెట్టు మీద తేలిక పని లేదు. సగం ఎక్కి దిగుడు అంటూ ఉండదు. కాని చెట్టు కింద ఉంది. కల్లు వడపోసుడు, మండువల అమ్ముడు, లెక్క చూసుడు, ఎండకాలం ముంజలు కొట్టుడు, తర్వాత గేగులు తవ్వుడు, కత్తి నూరుడు. ఈ పనులకు అనుభవం కావాలె, మోకాళ్లు అంతగా అవసరం లేదు.

అందుకని ఆయనతోని "దిగు" అని అనలేదు. దిగినంక ఏం చేస్తవో చూద్దాం అన్న. ఆ సాయంత్రం వాళ్ల తమ్ముని కొడుకును పిలిపించినం, 28 ఏండ్లోడు. ముగ్గురం కూర్చొని ఒక ఒప్పందం చేసుకున్నం. పొడుగు చెట్లు తొమ్మిది ఆ పిల్లగాడు ఎక్కాలె, కల్లుల పాలు పంచుకోవాలె, అమ్మకం బావ చూడాలె. పొట్టివి ఐదు ఈ సీజను బావనే గీస్తడు, వచ్చే సీజనుకు అవి కూడా ఇచ్చేస్తడు. ఆ ఐదు కూడా వాన పడ్డ రోజు ముట్టుకోడు. ఒంటరిగ పోడు.

2024 జూలైల తెలంగాణ సర్కారు కాటమయ్య రక్షణ కవచం అని కిట్లు ఇయ్యడం మొదలుపెట్టింది. తాడు, బెల్టు ఉంటయి, కాలు జారినా మనిషిని ఆపుతయి. ఎట్ల వాడాలో ముందు నేర్పి ఇస్తరు. బావకు వచ్చింది, దండెం మీద ఉంది. "అది వేసుకుంటే ఒక్కో చెట్టుకు టైం ఎక్కువ పడ్తది" అంటడు. మన ఖాతాల దూది దుమ్ముకు ముక్కుకు గుడ్డ కట్టుకొమ్మంటే ఊపిరాడదని విప్పేసినోళ్లు ఎంతమందో. వాళ్ల దగ్గు ఇయ్యాలటికీ రాత్రిళ్లు మన గల్లీలల్ల వినబడ్తది. ఆ మాట చెప్పిన. ఐదు చెట్లకు టైం ఎంత పట్టినా ఏమాయె అన్న. నవ్విండు గాని, తెల్లారి వేసుకున్నడు.

గోలీ సంగతి అక్కకు చెప్పిన. చెప్పొద్దు అన్నడు, అయినా చెప్పిన. కోపం చేసిండు. మర్నాడు ముగ్గురం డాక్టరు దగ్గరికి పోయినం. చెట్టెక్కే పని అని ఆయన ఇంతకుముందు డాక్టరుకు చెప్పనే లేదు. డాక్టరు విని, గోలీ మార్చి, రాత్రి వేసుకొమ్మన్నడు, వారం దాకా చెట్టెక్కొద్దు అన్నడు. మనది ఏ పనో డాక్టరుకు ముందే చెప్పాలె. గోలీ మనంతట మనం ఆపొద్దు, టైము కూడా మార్చొద్దు.

తిరిగి వచ్చినంక కొడుకును కూర్చోబెట్టి ఒక్కటే చెప్పిన. దిగు అని చెప్పే ముందు కింద ఏముందో చూపెట్టాలె. మూడు వేలు కాకపోతే పదిహేను వందలే పంపు, కాని ప్రతి నెల పగారం నాడు పంపు. వచ్చే లెక్క తెలిస్తే ముసలాయనకు ధైర్యం ఉంటది. ఎప్పుడు వస్తదో తెల్వని రెండు వేల మీద నమ్మకం పెట్టి ఎవరూ చెట్టు దిగరు.

ఇది చెట్టు ఒక్కదాని ముచ్చట కాదు. మిల్లులు పోయినంక మన దగ్గర కూడా హమాలీ చేసేటోళ్లు, బండి తోసేటోళ్లు, నాలుగు సాంచాలు సొంతంగ నడిపేటోళ్లు ఉన్నరు. వాళ్లకు కూడా చాలు అని చెప్పే ఆఫీసు లేదు. 18 నుంచి 40 ఏండ్ల లోపు పిల్లలు, పీఎఫ్, ఈఎస్ఐ లేనోళ్లు, నెలకు 15,000 లోపు సంపాదించేటోళ్లు శ్రమయోగి మాన్‌ధన్ పింఛనుల చేరొచ్చు. వయసును బట్టి నెలకు 55 నుంచి 200 రూపాయలు కట్టాలె, అంతే సర్కారు కూడా వేస్తది, 60 దాటినంక నెలకు 3,000 వస్తది. 29 ఏండ్లకు చేరితే నెలకు 100. 41 వస్తే చేరనియ్యరు.

ఊర్ల గీత పని చేసే పెద్దోళ్లు ఉన్న ఇండ్లవాళ్లు ఈ వారం ఫోన్ చేసినప్పుడు ఇవి అడగండి. గోలీలు వేసుకుంటున్నరా. మోకు ఎప్పుడు మార్చిండ్రు. కిట్టు వచ్చిందా, వాడుతున్నరా. చెట్టెక్కేటప్పుడు కింద ఎవరుంటున్నరు. సొసైటీ కార్డు, చెట్ల కాగితం, బ్యాంకు బుక్కు ఎక్కడ పెట్టిండ్రు. జరగరానిది జరిగి ప్రాణం పోతే అక్కడ సర్కారు 5 లక్షలు ఇస్తది, కాని కాగితాలు లేకపోతే ఇంటి ఆడోళ్లు ఆఫీసుల చుట్టు తిరగాల్సి వస్తది.

బావ మొన్న ఫోన్ చేసిండు. తమ్ముని కొడుకు రెండు చెట్ల గెలలు లోతుగ గీసి పాడు చేసిండని గంట సేపు తిట్టిండు. కింద నిలబడి చూసిండట.

వచ్చే నెల రేషన్ కార్డుల పేర్లు ఎక్కించుకునే సంగతి రాస్తా.