ఈ ఏడాది ఆరు నవలలు

‘ఊరికి పోయాక తీరిగ్గా చదువుదాం’ అని మనం పక్కన పెట్టిన పుస్తకాలు ఎన్నో ఉంటాయి. ఇంటర్‌లో లెక్చరరు పేరు చెప్పి ఊరుకున్నవి కొన్ని. లైబ్రరీలో చేతికి తీసుకుని, లావుగా ఉందని మళ్ళీ బీరువాలోనే పెట్టినవి కొన్ని. సినిమా చూశాక ‘దీనికి మూలం ఏదో నవల అట’ అని విన్నవి మరికొన్ని. కానీ ఊరికి పోతే జరిగేదేమిటో మనందరికీ తెలుసు. సెలవంతా పెళ్ళిళ్ళకు, బ్యాంకు పనులకు, ఇంటి స్లాబుకు, చుట్టాల పలకరింపులకే చాలదు. వీసా రద్దు చేసుకుని పూర్తిగా పోయాక చదువుదామా అంటే, అప్పుడు అక్కడ బతుకుదెరువు వెతుక్కోవడమే పెద్ద పని. కాబట్టి ఆ పుస్తకాలకు దొరికే కాలం ఇదే, చోటు ఇదే. అందుకని ఈ ఏడాదికి మేము ఒక ప్లాను వేసుకున్నాం. నచ్చితే మీరూ కలవండి.

‘నవలలు ఆఫీసుల్లో కూర్చునేవాళ్ళకు గానీ ఎండలో పనిచేసేవాళ్ళకెందుకు?’ అని కొందరు అన్నలు అడుగుతుంటారు. వాళ్ళకు క్యూబా దేశం సంగతి చెప్పాలి. అక్కడ చుట్టలు చుట్టే ఫ్యాక్టరీల్లో 1865 నుంచి ఒక ఆచారం ఉంది. కార్మికులు వరసగా కూర్చుని పొగాకు చుడుతుంటే, ఎత్తు పీట మీద ఒకతను కూర్చుని పేపరూ నవలలూ గట్టిగా చదివి వినిపిస్తాడు. అతనికి జీతం కంపెనీ ఇచ్చేది కాదు, కార్మికులే తమ కూలిలోంచి తలా కొంత వేసుకుని ఇచ్చేవాళ్ళు. మరుసటి ఏడే ప్రభుత్వం దాన్ని నిషేధించినా ఆచారం మళ్ళీ లేచింది, నేటికీ ఉంది. ఫ్రెంచి రచయిత డ్యూమా రాసిన ‘కౌంట్ ఆఫ్ మాంటి క్రిస్టో’ నవల అంటే ఆ కార్మికులకు ఎంత ఇష్టమంటే, 1935లో మొదలైన ఒక చుట్టల బ్రాండుకు ఆ పేరే పెట్టారు. మనకు మాత్రం ఇది కొత్తా? రచ్చబండ దగ్గర ఒకరు భారతం చదివితే ఊరంతా విన్న రోజులు మన తాతలకు తెలుసు.

ఇక లెక్క చూద్దాం. రోజుకు పది పేజీలు చదివితే నెలకు మూడొందలు, రెండు నెలలకు ఆరొందలు. పది పేజీలకు అరగంట చాలు. అందుకే నెలకొకటి అని ఆశపడకుండా రెండు నెలలకొకటి పెట్టుకున్నాం. ఏడాదికి ఆరు.

మొదటిది హెమింగ్వే రాసిన ‘ది ఓల్డ్ మ్యాన్ అండ్ ద సీ’. 1952లో వచ్చింది. వంద పేజీలకు అటూ ఇటూగా ఉండే చిన్న పుస్తకం, ఇంగ్లీషు కూడా తేలిక. శాంటియాగో అనే ముసలి జాలరికి 84 రోజులు ఒక్క చేపా పడదు. 85వ రోజున ఒంటరిగా చాలా దూరం పోయి తన పడవకన్నా పెద్ద చేపను పడతాడు. దాన్ని ఒడ్డుకు తెచ్చేలోపల సొరచేపలు తినేస్తాయి, మిగిలేది ఎముకలే. ఏళ్ళ తరబడి కష్టపడి, అప్పులు వడ్డీలు తీర్చి చివరికి చేతిలో ఏం మిగిలిందని చూసుకునే మనవాళ్ళు ఇది చదివితే వేరే వివరణ అక్కర్లేదు.

రెండోది గోర్కీ ‘అమ్మ’. తెలుగులో క్రొవ్విడి లింగరాజు గారి అనువాదం ఉంది. పేరు వినని తెలుగువాడు తక్కువ, ఆసాంతం చదివినవాళ్ళు ఇంకా తక్కువ. ఇందులో ఫ్యాక్టరీ కార్మికుడి భార్య, తాగి కొట్టే మొగుడి చేతిలో నలిగిన మనిషి, నలభై ఏళ్ళ వయసులో కొడుకు స్నేహితుడి సాయంతో అక్షరాలు దిద్దుకుంటుంది. ‘ఇప్పుడేం చదువుతాంలే’ అనేవాళ్ళ కోసమే రాసినట్టుంటుంది ఆ భాగం. గోర్కీ కూడా కాలేజీలో చదివినవాడు కాదు. చిన్నప్పుడు వోల్గా నది మీద ఓడలో అంట్లు తోమేవాడు. ఆ ఓడలో వంటవాడే అతనికి పుస్తకాల రుచి చూపించాడు.

మూడోది ‘ఏడు తరాలు’. అమెరికా రచయిత అలెక్స్ హేలీ 1976లో రాసిన ‘రూట్స్’కు సహవాసి గారు కుదించి చేసిన తెలుగు ఇది. చదవడం మొదలుపెడితే ఆగదు. ఆఫ్రికాలోని గాంబియా దేశంలో జుఫూరే అనే పల్లె నుంచి కుంటా కింటే అనే కుర్రవాణ్ణి పట్టుకుపోయి అమెరికాలో బానిసగా అమ్ముతారు. పేరు మార్చేస్తారు. పారిపోబోతే పాదం నరుకుతారు. మన బతుకును దానితో పోల్చడం తప్పు. మనం కాగితం మీద సంతకం చేసి వచ్చాం, జీతం తీసుకుంటున్నాం, సెలవు మీద ఊరికి పోతున్నాం. కానీ అతను అమావాస్య వెళ్ళి కొత్త చంద్రుడు కనిపించినప్పుడల్లా ఒక గులకరాయి సొరకాయ బుర్రలో వేసి తన వయసు లెక్క పెట్టుకుంటాడు చూడండి, అక్కడ మన రూములో గోడ మీది క్యాలెండరు గుర్తు రాకమానదు. కూతురికి తన ఊరి మాటలు నాలుగు నేర్పుతాడు. ఆ నాలుగు మాటలే తరాలు దాటి మునిమనవళ్ళ దాకా వస్తాయి. ఫోన్లో పిల్లలతో మాట్లాడటానికి పది నిమిషాలే దొరికే తండ్రులు ఈ భాగాన్ని నెమ్మదిగా చదవాలి.

నాలుగోది స్టైన్‌బెక్ 1939లో రాసిన ‘ద గ్రేప్స్ ఆఫ్ రాత్’. వానల్లేక, అప్పులు తీరక, ఓక్లహోమాలో భూమి పోగొట్టుకున్న ఒక రైతు కుటుంబం పాత బండి ఎక్కి కాలిఫోర్నియాకు వలస పోతుంది. వాళ్ళను కదిలించింది ‘పండ్లు కోయడానికి మనుషులు కావలెను, మంచి కూలి’ అనే ఒక కరపత్రం. దారిలో కాలిఫోర్నియా నుంచి తిరిగొస్తున్న ఒకతను ఆ కరపత్రం గుట్టు విప్పుతాడు. కావలసింది ఎనిమిది వందల మందైతే అచ్చేసేవి ఐదు వేలు. జనం ఎక్కువగా వస్తే కూలి దానంతటదే పడిపోతుంది. మన ఊళ్ళలో ఏజెంట్ల మాటలు విని వచ్చినవాళ్ళకు దీన్ని విడమరచి చెప్పాలా? ఇదే నవలలో ఒక సర్కారు క్యాంపు వస్తుంది. అందులో ఉండేవాళ్ళే కమిటీలు ఎన్నుకుని శుభ్రత, తగాదాలు, ఆటపాటలు అన్నీ చూసుకుంటారు. బాత్రూముల కోసం రోజూ గొడవపడే రూములవాళ్ళు ఆ పేజీలు తప్పక చదవాలి.

ఐదోది మనం ఉన్న ఈ ఎడారి కథ. అబ్దుల్ రహమాన్ మునీఫ్ అరబ్బీలో రాసిన ‘సిటీస్ ఆఫ్ సాల్ట్’. మొదటి భాగం 1984లో వచ్చింది, ఇంగ్లీషులో ఉంది. ఖర్జూర చెట్లతో చల్లగా ఉండే ఒక ఒయాసిస్సు. అక్కడ చమురు పడుతుంది. యంత్రాలు వచ్చి చెట్లను కూలదోస్తాయి. ఆ ఊరి మనిషి మితెబ్ అది చూడలేక ఒంటె ఎక్కి ఎటో వెళ్ళిపోతాడు. మిగిలినవాళ్ళు సముద్రం ఒడ్డున కంపెనీ కూలీలవుతారు. విదేశీ దొరలకు చల్లని ఇళ్ళు, వీళ్ళకు ఉడికిపోయే షెడ్లు. ఈ నేల మీద క్యాంపు బతుకు మనతోనే మొదలైందనుకుంటాం. మనకన్నా ముందు షెడ్లలో పడుకున్నది ఈ నేల బిడ్డలే అని ఈ నవల చెబుతుంది. అది తెలిశాక ఇక్కడి ముసలివాళ్ళను చూసే చూపు మారుతుంది.

ఆరోది విక్టర్ హ్యూగో 1862లో రాసిన ‘లే మిజరబ్ల్’. ‘బీదలపాట్లు’ సినిమా గుర్తుందా? 1950లో నాగయ్య గారు, 1972లో రంగారావు గారు నటించిన ఆ కథకు మూలం ఇదే. రొట్టె దొంగిలించినందుకు ఐదేళ్ళు, పారిపోబోయినందుకు మిగతావి, మొత్తం 19 ఏళ్ళు జైల్లో ఉన్న జీన్ వాల్జీన్ చేతికి విడుదలైనప్పుడు పసుపు రంగు పాస్‌పోర్టు ఇస్తారు. అది చూసి ఎవరూ అన్నం పెట్టరు, పడుకోవడానికి చోటివ్వరు. కాగితాన్ని బట్టి మనిషిని లెక్కగట్టడం అంటే ఏమిటో మనకు తెలిసినంతగా ఎందరికి తెలుసు? ఇది చాలా లావు పుస్తకం. ఏడాది చివర పెట్టింది అందుకే. అప్పటికి చదివే అలవాటు పడుతుంది.

ఎలా చదవాలి అన్నది చివరి మాట. రూముకు ఒక పుస్తకం చాలు, ఒక గొంతు చాలు. తెలుగు బాగా చదివే తమ్ముడు సెలవు రోజు సాయంత్రం ఒక గంట చదివితే మిగతావాళ్ళు చపాతీలు చేసుకుంటూ వినవచ్చు. ఇంగ్లీషు పుస్తకమైతే, వచ్చినవాళ్ళు వారం వారం చదివి కథను మన మాటల్లో చెప్పాలి. రంజాన్ నెలలో పని రెండు గంటలు తగ్గుతుంది. ఇక్కడ జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు వరకు ఎండలో పని ఆపుతారు. నిద్ర పోగా ఆ గంటల్లోంచి పది పేజీలకు చోటు దొరకకపోదు. తెలుగు పుస్తకాలు హైదరాబాద్ బుక్ ట్రస్ట్, విశాలాంధ్ర, నవచేతన షాపుల్లో అడగమని, సెలవు మీద పోయినవాళ్ళకు చెప్పండి. పచ్చళ్ళ డబ్బాల మధ్య ఒక పుస్తకం పెద్ద బరువు కాదు. ఇంగ్లీషువి నవంబరులో జరిగే షార్జా పుస్తక ప్రదర్శనలో చూడవచ్చు. లోపలికి పోవడానికి టికెట్టు లేదు.

ముసలి జాలరి కథతో మొదలుపెడదాం. ఫిబ్రవరి ఆఖరుకు అది ముగించి, మీ రూములో ఏమనుకున్నారో నాలుగు ముక్కలు పత్రికకు రాసి పంపండి. అక్షరాలు బాగాలేవని వెనకాడకండి, సరిచేసి వేసే పని మాది. ఆ ముసలాయన ఓడిపోయాడా, గెలిచాడా అన్నదే ప్రశ్న. మా రూములో ఇప్పటికే రెండు పార్టీలయ్యాయి.