ముందు షాకర్ల దిఖావా

మన గల్లీల్లో నౌజవాన్లకు కొత్త షోక్ పట్టుకుంది. 150 సీసీ బండికి కబాడీలోంచి తెచ్చిన బంగారు రంగు యూఎస్‌డీ ఫోర్కులు బిగించుకోవడం. నేను అప్‌గ్రేడ్‌కు ఖిలాఫ్ కాదు, దిఖావాకు ఖిలాఫ్.

మామూలు షాకర్‌లో సన్న పైపు పైన, లావు గొట్టం కింద ఉంటాయి. యూఎస్‌డీలో ఉల్టా. లావు గొట్టం పైన టీ బిగువులో ఉంటుంది కాబట్టి గట్టిగా బ్రేకు వేసినా అంత సులువుగా వంగదు. బాగానే ఉంది. కానీ కేటీఎం డ్యూక్ 390కి 43 మిల్లీమీటర్ల ఫోర్కులు ఇచ్చినవాళ్లు ఆ ఫ్రేమూ, ఆ బ్రేకూ, ఆ వేగమూ లెక్కేసి ఇచ్చారు. వాటిని మీ బండికి పెట్టాలంటే టీ మారాలి, స్టీరింగ్ రాడ్డు కుదరకపోతే కోసి వెల్డింగ్ కొట్టాలి. ఇరుసు, క్యాలిపర్ అంతా జుగాడే. ఫోర్కు పొడవులో తేడా వస్తే బండి తిరిగే తీరే మారిపోతుంది. ఆ వెల్డింగ్‌ను నమ్మి వెనక అమ్మీని కూర్చోబెడతారా మియా?

బుజుర్గులకూ ఓ మాట. సీల్ పోయి షాకర్ నుంచి నూనె కారుతుంటే 'చల్తా హై' అంటారు. బాగు చేయిద్దామంటే ఫుజూల్ ఖర్చంటారు. స్ప్రింగు బరువు మోస్తుంది, అంతే. ఊగుడును ఆపేది చిన్న రంధ్రాల్లోంచి దూరే ఆయిలే. అది లేకపోతే గుంత దాటాక కూడా ముందు చక్రం ఎగురుతూనే ఉంటుంది. నేల వదిలిన చక్రానికి బ్రేకేం పట్టుతుంది? కారిన ఆయిల్ డిస్కు మీద పడితే మరో ముసీబత్. ఆ బండి మీదే ట్యాంకు దగ్గర పిల్లాడు, వెనక బేగం, ఒళ్లో పాప. (నలుగురెక్కడం వేరే బహస్, ఇంకోసారి.)

అసలు అప్‌గ్రేడ్ ఇక్కడ మొదలవుతుంది: కొత్త ఆయిల్, కొత్త సీళ్లు, పైపు వంకర చూడటం, కోన్ సెట్ పరీక్ష. తర్వాత పైపుకు చిన్న ప్లాస్టిక్ ట్యాగ్ కట్టి, బండెక్కి కూర్చుని, షాకర్ ఎంత దిగిందో కొలవండి. మొత్తం ఆట 120 మిల్లీమీటర్లయితే 30 నుంచి 40 దాకా దిగడం సబబు. మరీ దిగితే మీ బరువుకు తగ్గ గట్టి స్ప్రింగు వేయించండి. పైన స్పేసర్ పెడితే బండి ముందు భాగం లేస్తుంది గానీ స్ప్రింగు గట్టిపడదు.

రెండు వైపులా ఆయిల్ మిల్లీలీటర్లలో సమానంగా పడాలి. ఉస్తాద్ 'అందాజాగా పోస్తా' అంటే, కొలత గ్లాసు ఉందా భాయ్ అని అడగండి. లేదంటే సలాం చెప్పి ఇంకో దుకాణం చూసుకోండి.