ఆయన్ని ఆటకు పంపండి!

"పొద్దున్నే కుళాయి దగ్గర బిందెలు నేను మొయ్యాలి, ఈయనగారేమో బ్యాటు పుచ్చుకుని షటిల్‌కి!" అని విసుక్కునేవాళ్ళలో నేనూ ఒకదాన్నే. ఇప్పుడు మాత్రం ఆయన ఒక్కరోజు ఆటకు వెళ్ళకపోతే నాకే బెంగ. ఎందుకంటారా?

రెండేళ్ళ క్రితం మావారు ఆఫీసులో మాటపడి వచ్చారు. అప్పట్నించీ ఇంట్లో నోరు విప్పడం మానేశారు. అన్నం సగంలో వదిలేసేవారు. అర్ధరాత్రి లేచి వరండాలో కూర్చునేవారు. "ఏమైందండీ?" అంటే "ఏంలేదు" అనేవారు. ఓరోజు పక్కింటి అన్నయ్యగారు, షటిల్‌కి ఒకరు తక్కువయ్యారంటూ బలవంతాన లాక్కెళ్ళారు. నెల తిరిగేసరికి నిద్ర పట్టింది. ఆట అయ్యాక టీ తాగుతూ ఆఫీసు గొడవంతా వాళ్ళకి చెప్పుకున్నారట! ఇన్నేళ్ళు కాపురం చేసిన నాకు చెప్పని మాట వాళ్ళకా అని ముందు కోపం వచ్చింది. తరవాత అర్థమైంది. చాలామంది మగవాళ్ళు ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే చెప్పరు. నలుగురితో కలిసి ఆడుతుంటే మాట దానంతటదే వస్తుంది.

ఒళ్ళు అలిసేలా ఆడితే నిద్ర బాగా పడుతుంది, దిగులు, ఆందోళన తగ్గుతాయి. పెద్దవాళ్ళకి వారానికి కనీసం 150 నిమిషాల వ్యాయామం కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. అంటే అరగంట చొప్పున వారానికి ఐదు రోజులు. షటిల్, వాలీబాల్, క్రికెట్ ఏదైనా సరే. పందేలు మాత్రం వద్దు. బి.పి., షుగరు, గుండెజబ్బు ఉన్నవాళ్ళు ముందు డాక్టర్ని అడగాలి.

అయితే ఆటే అన్నిటికీ మందు కాదండోయ్! ఆటే బతుకుగా ఉన్నవాళ్ళకీ మనసు బాగుండకపోవచ్చు. 2019లో ఆస్ట్రేలియా క్రికెటర్ గ్లెన్ మాక్స్‌వెల్ అందుకే కొన్నాళ్ళు ఆట ఆపేశాడు. అతనిలో మార్పు ముందుగా కనిపెట్టి, ఎవరితోనైనా మాట్లాడమని చెప్పింది, 2022లో అతన్ని పెళ్ళాడిన విని రామన్. చూశారా, కనిపెట్టాల్సింది మనమే!

దిగులు రెండు వారాలు దాటినా తగ్గకపోతే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. "బతకాలని లేదు" అన్నారంటే ఒక్కరోజు కూడా ఆగకండి, ఒంటరిగా వదలకండి. 14416కి ఫోన్ చేస్తే టెలీ మానస్ వారు రాత్రీ పగలూ ఉచితంగా తెలుగులో మాట్లాడతారు.

ఇంతకీ మా ఇంట్లో బిందెల సంగతంటారా? ఆడి వచ్చాక ఇప్పుడు ఆయనే మోస్తున్నారు!