మ్రానై వంగునా?
(వయోజనులకు వృత్తివిద్య నేర్పు విధమును గూర్చి)

"మొక్కై వంగనిది మ్రానై వంగునా" యను సామెత ఉపాధ్యాయుల నోట తఱచుగా వినబడుచుండును. పసితనమున నేర్వనివాడు పెద్దవాడైన పిమ్మట నేర్వజాలడని దాని భావము. శీలము, అలవాట్లు మున్నగు విషయములందు ఈ సామెతకు కొంత చోటున్న నుండవచ్చును. కాని జీవనోపాధికై యొక వృత్తిని నేర్చుకొన వచ్చిన వయోజనుని యెడ దీనిని ప్రయోగించుట అన్యాయమని మా యభిప్రాయము. పెక్కు తావుల వంగనొల్లనిది బోధకుని పద్ధతియే గాని విద్యార్థి బుద్ధి కాదు.

మన దేశమున వృత్తి నేర్చు పెద్దలకు తావులు లేకపోలేదు. 1950వ సంవత్సరమున నారంభమైన శిక్షణ పథకము క్రింద ఐ.టి.ఐ.లు ఫిట్టరు, ఎలక్ట్రీషియను, వెల్డరు మున్నగు పనులను నేర్పుచున్నవి. 1967లో బొంబాయి నగరమున తొలి శ్రామిక విద్యాపీఠము వెలసెను. అట్టి సంస్థలే 2000వ సంవత్సరము నుండి జన శిక్షణ సంస్థానములను పేరుతో, చదువు మధ్యలో మానినవారికిని అక్షరజ్ఞానము లేనివారికిని కుట్టుపని మొదలగు వృత్తులను నేర్పుచున్నవి. ఇట్టి తరగతులలో బిడ్డల తల్లులు, కూలి మానుకొని వచ్చినవారు, ఉన్న పని పోయి మఱియొక పనికై వెదకువారు కూర్చుందురు. మన విద్యార్థుల తలిదండ్రులలోను ఇట్టివారు కలరు. బాలుడొక పరీక్ష తప్పినచో మఱుసటి యేడు మరల వ్రాయును. పెద్దవాడు సిగ్గుపడి తరగతి విడిచినచో మరల రాడు. అతనితోపాటు ఒక కుటుంబము యొక్క ఆశయు గడప దాటిపోవును. కావున వీరికి పాఠము చెప్పువాని బాధ్యత మిక్కిలి గొప్పది.

ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలలో మేము నేర్చిన పద్ధతులు చాలవఱకు బాలురను దృష్టియందుంచుకొని యేర్పడినవి. జర్మనీ దేశపు తత్త్వవేత్త హెర్బార్టు ననుసరించినవారు పాఠమును సన్నాహము, ప్రదర్శనము, పోలిక, సూత్రీకరణము, అన్వయము అను నైదు మెట్లుగా విభజించిరి. ఇది పెద్దలకు పనికిరాదని త్రోసివేయరాదు. అమెరికాలో ఓడలు కట్టు పనివారికి శిక్షణ నిచ్చిన చార్లెస్ ఆలెన్ 1919లో ప్రకటించిన గ్రంథమున, సన్నాహము, ప్రదర్శనము, అన్వయము, పరీక్ష యను నాలుగు మెట్లను పనివారల బోధకులకు నిరూపించెను. రెండవ ప్రపంచ యుద్ధకాలమున, 1940 మొదలు 1945 వఱకు, ఆ దేశపు ప్రభుత్వము కర్మాగారముల మేస్త్రీలకు పని నేర్పు విధమును ఈ మెట్ల ననుసరించియే బోధించెను. రెండేసి గంటల చొప్పున నైదు కూటములతో ఆ శిక్షణ ముగియుచుండెను.

ఆ శిక్షణలోని యొక ప్రదర్శనము ప్రతి యుపాధ్యాయుడును తెలిసికొనదగినది. వ్రేలాడు దీపపు తీగను హోల్డరు లోపల నొక విధముగా ముడివేయుట కలదు. దీపము బరువు తీగ కొసలను బిగించు మరలపై పడకుండ ఆ ముడి యాపును. శిక్షకుడు మొదట ఆ ముడి వేయు విధమును నోటి మాటలతో మాత్రమే వర్ణించును, నేర్చువాడు వేయలేడు. పిదప మాటాడక చేసి చూపును, అప్పటికిని వేయలేడు. అటుపిమ్మట ఒక్కొక్క మెట్టును వేఱువేఱుగా చూపుచు, తప్పు జరుగుటకు వీలైన చోటును వేలుపెట్టి చెప్పుచు, అట్లేల చేయవలెనో వివరించి, నేర్చువాని చేతికి తీగ నిచ్చును. అతడు ముడివేయుచు, తాను చేయునది తానే చెప్పవలెను. అప్పుడు ముడి పడును. చెప్పితిమి గదా, చూపితిమి గదా యని తృప్తిపడు మనకందఱకు ఈ చిన్న తీగ గొప్ప పాఠము. విద్యార్థి చేసి చూపువఱకు బోధన ముగియలేదు.

అయినను ఆ నాలుగింటిలో మొదటి మెట్టు మిక్కిలి ముఖ్యమైనదని మేము తలంచుచున్నాము. నేర్చువాని బెదరు పోగొట్టుట, ఆ పనిని గూర్చి అతనికి ముందే యేమి తెలియునో అడిగి తెలిసికొనుట యను రెండును ఆ మెట్టులోనివి. బాలునకు పూర్వజ్ఞానము కొలదిగా నుండును; పెద్దవానికి అది బుట్టెడుండును. మాల్కమ్ నోల్స్ అను విద్యావేత్త 1970లో ప్రకటించిన గ్రంథమున, వయోజనుని యనుభవమే అతని విద్యకు గొప్ప సాధనమని వాదించెను. తాపీ మేస్త్రీని చూడుడు. పునాది మూల సరిగా నున్నదో లేదో తెలియుటకు అతడు ఒకవైపు మూడడుగులును, రెండవవైపు నాలుగడుగులును కొలిచి, ఆ రెండు గుర్తుల నడుమ సరిగా నైదడుగు లుండునట్లు దారము సవరించును. లంబకోణ త్రిభుజమును గూర్చిన సిద్ధాంతము అతని చేతిలో నున్నది; దాని పేరు మాత్రమే అతనికి తెలియదు. అట్టివానిని నల్లబల్ల ముందు నిలిపి "నీకు గణితము రాదు" అను బోధకుడు తానే యెఱుగనివాడు. అట్లే జానతోను బెత్తతోను కొలిచి యింట రవికెలు కుట్టుకొనిన స్త్రీకి, ఆ జాన టేపు మీద నెన్ని యంగుళములగునో ముందుగా కొలిచి చూపవలెను. ఆమె యెఱిగినదానినుండి యెఱుగనిదానికి త్రోవ అదియే.

పాఠము జీవితమును తాకినయెడల పెద్దలు ఎంత దూరము పోగలరో నెల్లూరు జిల్లా చూపినది. 1991 ప్రాంతమున అచ్చట సంపూర్ణ అక్షరాస్యతా తరగతులు నడచుచుండగా, సారాయిచే చెడిన సంసారమును గూర్చిన పాఠము స్త్రీలు చదివిరి. అది తమ కథయే యని చర్చించుకొనిరి. 1992లో దూబగుంట స్త్రీలు తమ యూరి సారాయి దుకాణము నెదిర్చిరి. ఆ యుద్యమము జిల్లాలు దాటెను. 1993 అక్టోబరు 1వ తేదీ నుండి ఆంధ్రప్రదేశమున సారాయి నిషేధింపబడెను. అవి వృత్తి తరగతులు కాకపోయినను, మనకు కావలసిన నీతి వానియందు కలదు: పెద్దలు తమకు పనికివచ్చునని కన్నులార చూచినదానిని విడువరు.

ఇచ్చట నొక యాక్షేపణ వినబడును. "పెద్దలను గౌరవించుచు కూర్చుండిన పని చెడదా? తప్పును తప్పనవలదా?" యని కొందఱు కఠిన బోధకు లడుగుదురు. ఈ ప్రశ్న న్యాయమైనదే. విద్యుత్తు తీగ నొకచోట తప్పుగా కలిపినయెడల ప్రాణము పోవును. ఆస్పత్రిలో సహాయకురాలు రోగి నాడిని తప్పుగా లెక్కించినయెడల వైద్యుడు మోసపోవును. కావున పనిలో లోపమును సహింపుమని మేము చెప్పుట లేదు. తప్పును పనియందు చూపుడు, మనిషియందు చూపవలదని చెప్పుచున్నాము. "ఈ కలయిక వదులుగా నున్నది, లాగి చూడుడు" అనుట దిద్దుబాటు. "ఇంత వయసు వచ్చియు తెలియదా" అనుట అవమానము. మొదటిది విన్నవాడు పనిని మరల చేయును. రెండవది విన్నవాడు మఱునాడు రాడు. పదిమంది యెదుట దిద్దుటకన్న ప్రక్కకు వచ్చి దిద్దుట మేలు.

జ్ఞాపకమును గూర్చియు నొక మాట. పెద్దలు త్వరగా మఱచిపోవుదురని నిందింతురు. మఱపు అందఱకును కలదు. దానికి మందును కలదు. రోడిగర్, కార్పికె యను అమెరికను శాస్త్రజ్ఞులు 2006లో కళాశాల విద్యార్థులకు గద్యభాగముల నిచ్చి, కొందఱిచే మరల చదివించిరి. కొందఱిచే కాగితము మూసి జ్ఞాపకమున్నంత వ్రాయించిరి. ఐదు నిమిషముల పిమ్మట మరల చదివినవారే మెఱుగుగా నుండిరి. వారము గడచిన పిమ్మట జ్ఞాపకము చేసికొని వ్రాసినవారే మించిరి. కావున ప్రతి తరగతి మొదట నైదు నిమిషములు నిన్నటి పనిని పుస్తకము చూడక చెప్పించుడు, చేయించుడు. మార్కులు వేయవలదు, మార్కుల భయము పెద్దవారిని నోరు మెదపనీయదు.

మఱికొన్ని చిన్న సంగతులను మఱవరాదు. నలుబది దాటినవారికి దగ్గఱి చూపు మందగించుట సహజము. కావున పటములను, అక్షరములను పెద్దవిగా వ్రాయవలెను. పగలెల్ల పనిచేసి సాయంకాలము వచ్చినవారికి గంటసేపు ఉపన్యాసము నిద్రమందు. వారి చేతికి పనిముట్టు నిండు. ఒకే పనిలో నారితేఱినవానిని క్రొత్తవాని ప్రక్కన కూర్చుండబెట్టుడు. నేర్పువాడును రెండవమాఱు నేర్చును.

తుదకు ఈ పత్రిక చదువు బాలబాలికలకొక విన్నపము. మీ తండ్రియో తల్లియో సాయంకాలము పలకయో టేపో చేతబట్టి క్రొత్త పని నేర్చుచున్నయెడల, వారి తడబాటు చూచి నవ్వకుడు. ఈ దినము పాఠశాలలో మీకు రాని లెక్క యొకటి వారితో చెప్పి, వారికి రాని మాట యొకటి మీరు చెప్పుడు. ఇంటిలో నవ్వు వినబడకున్న, వారు మఱునాడు తరగతికి ధైర్యముగా పోవుదురు. సహోపాధ్యాయులారా, ఆ ధైర్యముతో గడప దాటి వచ్చినవారిని మన మాటతో వెనుకకు పంపకుందుము గాక. మ్రాను వంగదని చెప్పుటకు ముందు, దానికి నీరు పోసితిమా యని మనలను మనమే ప్రశ్నించుకొనవలెను.